ఎండకి పక్షపాతం ఉండదన్నాను

"మీరు ఆవిడకి ఏమవుతారండి?" అని ఫోన్లో నర్సు అడిగింది. కిందటి మంగళవారం పొద్దున, నేను కాలేజీకి బయలుదేరుతూ ఒక కాలు చెప్పులో పెట్టి, ఇంకో కాలు పెట్టబోతున్నాను.

"పక్కింటిదాన్నండి" అన్నాను.

"ఇక్కడ, రాజమండ్రిలోనాండి?"

"కాదు. ఎప్పుడో, ఊళ్ళో. అద్దెకుండేదాన్ని."

"ఆయ్, అలాగాండి. నిన్న సాయంత్రం పోయారండి. ఆవిడ పెట్టెలో మీ నంబరొకటే ఉందండి, అందుకని చేశాను. అన్నీ అయిపోయాయి లెండి. మీరేం రానక్కర్లేదు."

రానక్కర్లేదన్న మాట వినగానే నాకు ముందు హాయిగా అనిపించింది. అబద్ధం రాసి ఏం లాభం? హాయిగానే అనిపించింది. ఆ తరవాత చెప్పు విప్పేసి, కాలేజీకి సెలవు చెప్పి, వీధి తలుపు గడియపెట్టుకుని ఏడ్చాను. మధ్యాహ్నానికి మా అమ్మాయి ఇంటికొచ్చి "ఎవరు పోయారమ్మా?" అంటే "నీకు తెలియదులే" అన్నాను. మా ఇంట్లో ఎవరికీ ఆవిడ సంగతి తెలియదు. నేను చెప్పలేదు.

ఆవిడ పేరు ఇక్కడా రాయను. ఆవిడ తమ్ముడి పిల్లలూ, వాళ్ళ పిల్లలూ ఆ ఊళ్ళోనే ఉన్నారు. ఆవిడ పేరు పక్కన ఆ జబ్బు పేరు కనబడిందా, ఈ రోజుల్లో కూడా వాళ్ళ పెళ్ళి సంబంధాలు వెనక్కి పోతాయి. నేనేమో "పిన్నిగారూ" అనేదాన్ని. ఆవిడ నన్ను "పంతులమ్మా" అనేది. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరర్నండీ అని కొత్తలో రెండు మూడుసార్లు సవరించి చూశాను. "లెచ్చరరు! అబ్బో! నోరు తిరగొద్దూ?" అని మళ్ళీ పంతులమ్మనే చేసింది.

అప్పటికి నాకు ఇరవయ్యారేళ్ళు. రావులపాలెంలో ఒక ప్రైవేటు కాలేజీలో మొదటి ఉద్యోగం. అక్కడ ఒంటరి ఆడపిల్లకి ఇల్లివ్వమంటే ఒక్కొక్కరు ఒక్కో వంక చెప్పారు. చివరికి అయిదారు మైళ్ళ అవతల కాలవగట్టు మీది ఊళ్ళో ఒక పోర్షను దొరికింది. పక్కిల్లు ఆవిడ తమ్ముడిది. ఆవిడ ఉండేది ఆ ఇంటి వెనక పంచలో. మొగుడు ఇంకొకావిణ్ణి తెచ్చుకుంటే పాతికేళ్ళ వయసులో పుట్టింటికి వచ్చేసిందట. నేను వెళ్ళేసరికి యాభై దాటి ఉంటాయి. ఆ పంచలోనే పొయ్యి, ఆ పొయ్యిమీద బోర్లించిన కుండ. పూతరేకులు తీసి బతికేది.

రేకు తీయడం చూడనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. బియ్యం నానబెట్టి పల్చగా, ఇంచుమించు నీళ్ళలా రుబ్బుతారు. కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట పెడతారు. తడిపిన పల్చటి గుడ్డని రెండు కొసలూ పట్టుకుని ఆ పిండినీళ్ళలో ముంచి, కాలుతున్న కుండ వీపుమీద ఒక్క లాగు లాగుతారు. కన్ను మూసి తెరిచేలోగా కాగితంకన్నా పల్చటి పొర లేస్తుంది. దాన్ని వేళ్ళతో ఒలిచి తీయాలి. లాగేటప్పుడు వేలి కణుపులు కుండకి రాసుకుంటాయి, ఒలిచేటప్పుడు కొసలు కాలతాయి. అందుకని ఆ ఊళ్ళో రేకులు తీసే ఆడవాళ్ళందరూ పక్కన కొబ్బరిచిప్పతో చన్నీళ్ళు పెట్టుకుంటారు. నాలుగు రేకులకోసారి వేళ్ళు ముంచుకుంటూ ఉంటారు.

పిన్నిగారికి ఆ చిప్ప ఉండేది కాదు. "నాకెందుకే నీళ్ళు?" అనేది. ఇంకొకరు పాతిక తీసేలోగా ఆవిడ నలభై తీసేది. ఒక్క రేకుకీ చిల్లు పడేది కాదు. ఊరంతా అదే మాట. ఆవిడ చెయ్యి నిప్పుకి మచ్చికైపోయిందనీ, ఆ చేతికి వేడి తెలియదనీ, అది పూర్వజన్మ పుణ్యమనీ. కొత్తగా పని నేర్చుకునే పిల్లలు వేళ్ళు ఊదుకుంటూ ఉంటే తల్లులు ఆవిణ్ణి చూపించి తిట్టేవాళ్ళు. రేకులు కొనుక్కెళ్ళే మిఠాయి షాపాయన కార్లో చుట్టాలని తీసుకొచ్చి మరీ చూపించేవాడు. "ఏదండీ, ఒకసారి చెయ్యి పెట్టి చూపించండి" అనేవాడు. ఆవిడ నవ్వుతూ ఎడమచేతి కణుపులు కుండకి ఆనించి, వాళ్ళు అమ్మో అనేదాకా ఉంచేది.

వాళ్ళననడమెందుకు? మా కాలేజీ మేడమ్‌లని ఇద్దరిని ఆదివారం పూట బస్సెక్కించి నేనూ తీసుకెళ్ళాను. కెమిస్ట్రీ మేడమ్ నోరెళ్ళబెట్టింది. చర్మం మందమైతే ఉష్ణవాహకత తగ్గుతుందని నేను అక్కడికక్కడే వివరించాను కూడా. చదువుకున్న మూర్ఖత్వం ఎంత ముద్దుగా ఉంటుందో చూడండి.

ఆవిడకి కొన్ని అలవాట్లుండేవి. ఏ మాటకైనా ముందు "అనకూడదు గానీ" అనేది. అంత పెద్ద పీఠిక విని ఎవరి కొంపలో గుట్టు బయటపెడుతుందో అని చెవులు రిక్కిస్తామా, "అనకూడదు గానీ, ఇవాళ వంకాయలు లేతగా ఉన్నాయే" అనేది. నేను నవ్వితే ఆవిడా నవ్వేది. నోటి దాకా వచ్చిన మాటని మింగేసి వంకాయల్ని ముందుకు తోసేదని అప్పట్లో నాకేం తెలుసు?

ఇంకొకటి, స్నానానికి నీళ్ళు. పొద్దున్న ఆరింటికల్లా గోడ అవతలనుంచి పిలిచేది. "పంతులమ్మా, ఒక్కసారి ఇలా వచ్చి నీళ్ళు కాగాయేమో చూసిపోవే."

"మీ నీళ్ళు నేను చూడ్డమేంటండీ?"

"నీది లేతచెయ్యి. నీకు సరిగ్గా తెలుస్తుంది. రా నా తల్లే."

వెళ్ళి కాగులో వేలు పెట్టి "ఇంకో చెంబు చన్నీళ్ళు పోసుకోండి" అని చెప్పి వచ్చేదాన్ని. ఒంటరి మనిషి, పొద్దున్నే ఎవరితోనైనా మాట్లాడాలని పిలుస్తుంది కాబోలు అనుకునేదాన్ని. ఒక్కోసారి విసుక్కునేదాన్ని కూడా. బస్సు పోతుందని చెప్పి వెళ్ళని రోజులు చాలా ఉన్నాయి. వెళ్ళని రోజు ఆవిడ చన్నీళ్ళే పోసుకునేదని, నాకు పోర్షను అద్దెకిచ్చిన మా ఇంటావిడ చెప్పింది. చలికాలంలో కూడానట.

కాఫీ అంటే ఆవిడకి ప్రాణం. పొగలు కక్కే స్టీలు గ్లాసుని మసిగుడ్డ లేకుండా అలా చేత్తో పట్టుకొచ్చి ఇచ్చేది. నేను అందుకుని, కెవ్వుమని కింద పెట్టేసేదాన్ని. "ఏమే, అంత కాలిందా?" అని నా మొహంలోకి చూసేది. వెక్కిరింపుగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. నా వేళ్ళవంకా ఆవిడ వేళ్ళవంకా మార్చి మార్చి చూసేది. నాకది బాగా జ్ఞాపకం.

ఇక అసలు సంగతి రాయాలి. దీనికోసమే మొదలుపెట్టాను, ఇంతసేపూ దీన్ని తప్పించుకుంటూనే వచ్చాను.

ఆశ్వయుజ పౌర్ణమి. దీపాలు పెట్టే వేళకి కరెంటు పోయింది. అప్పట్లో రోజూ పోయేది. ఇంట్లో ఉక్కగా ఉండి నేను వాళ్ళ పెరట్లోకి వెళ్ళాను. ఆవిడ పంచ ముందు చాప వేసుకుని కూర్చుంది. మామూలుగా మోచేతి దాకా చేతులున్న జాకెట్టు తొడుక్కునే మనిషి, ఆ రోజు వాటిని పైకి మడుచుకుని, రెండు చేతులూ ఒళ్ళో చాపి పెట్టుకుని ఉంది. కొబ్బరిచెట్ల పైకి చంద్రుడు వచ్చేశాడు. వెన్నెల పిండారబోసినట్టుంది. వెన్నెలలో ఆవిడ అలా చేతులు చాపుకుని కూర్చోవడం నేను అంతకు ముందు కూడా చూశాను. అదొక సరదా అనుకున్నాను.

"పంతులమ్మా, అనకూడదు గానీ ఒక మాట అడుగుతాను. నవ్వకూడదు."

"అడగండి."

"ఇంత వెన్నెల పడుతోంది కదా. ఒంటికి వెచ్చగా తగలదేంటే?"

నా మొహం! నాకెంత సంబరమేసిందో చెప్పలేను. కాలేజీలో అరవై మంది పిల్లల్లో ఒక్కడూ ప్రశ్న అడిగి ఎరగడు. గైడు పుస్తకంలో ఉన్నది రాయించమనేవాళ్ళే అందరూ. చదువురాని మనిషి ఇంత మంచి ప్రశ్న అడిగిందే అని పొంగిపోయి, చాపమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

"మీ పొయ్యి ఎదురుగా కూర్చుంటే సెగ తగులుతుందా? ఆ పొయ్యి వెలుగు ఎదర గోడమీద పడుతుంది కదండీ. ఇప్పుడు పొయ్యికి దూరంగా, ఆ గోడ ముందు కూర్చున్నారనుకోండి. గోడ వెలుగు కనబడుతుంది గానీ సెగ తగలదు. చంద్రుడు ఆ గోడ. సొంత మంట లేదు. పైగా మసిగోడ. పడ్డ ఎండని చాలామటుకు తనే మింగేసి, ఇంచుమించు పదోవంతు వెనక్కి పంపుతాడు. అదీ అన్నివైపులా చెదిరిపోగా మన దాకా వచ్చేది ఎంతని? నాలుగు లక్షల పున్నమి చంద్రుళ్ళని ఒక్కసారిగా ఆకాశంలో పెడితే గానీ ఒక్క సూర్యుడి వెలుగుకి సరిపోదు."

"నాలుగు లచ్చలే!"

"అవునండి. వెన్నెల్లో వేడి అస్సలు లేకపోలేదు. ఉంది. కానీ అది మన ఒంటికి తెలిసేంత కాదు. చర్మానికి ఒక హద్దుంటుంది. ఆ హద్దు దాటితేనే దానికి తెలుస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు ఒంటి వేడే పైకి పోతుంది, అందుకే పైపెచ్చు చల్లగా అనిపిస్తుంది."

ఆవిడ తన చేతులవంక చూసుకుంది. తరవాత, "అయితే వెన్నెల తప్పు కాదు. ఒంటికి తెలియట్లేదు. అంతేనా?" అంది.

"ఒక రకంగా అంతే."

"మరి ఎండ తగలని చోటు కూడా ఉంటుందా ఒంటిమీద?"

"నీడలో ఉంటే తగలదు" అన్నాను నవ్వుతూ.

"నీడ కాదే. నడి ఎండలో. ఈ పక్క తగిలి, ఈ పక్క తగలకుండా." ఎడమ మోచేతి పైభాగం కుడిచేత్తో రుద్దుకుంటూ అడిగింది. వెన్నెల వెలుగులో ఆ చెయ్యి ఎలా ఉందో నేను చూడలేదు. నేను చంద్రుడివంక చూస్తున్నాను.

"అలా ఉండదండీ" అన్నాను. "ఎండకి పక్షపాతం ఉండదు."

ఆ మాట నాకే ఎంతో నచ్చింది. ఎక్కడా చదివింది కాదు, అప్పటికప్పుడు నా నోటినుంచి వచ్చింది. మర్నాడు క్లాసులో ఉష్ణ వికిరణం చెబుతూ దాన్ని వాడాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ తరవాత ఏడాదీ, ఆ పై ఏడాదీ కూడా వాడాను. సిగ్గులేకుండా.

ఆవిడ జాకెట్టు చేతులు కిందికి లాగేసుకుని, "కరెంటు వచ్చేలా లేదు. అన్నం తిన్నావా?" అంది.

మాఘమాసంలో ఆరోగ్యశాఖ వాళ్ళు ఇంటింటికీ తిరుగుతూ మా వీధికి వచ్చారు. ముందు మా ఇంటికే వచ్చారు. ఒంటిమీద ఎక్కడైనా తెల్లమచ్చలు, రాగిరంగు మచ్చలు ఉన్నాయా అని అడిగి, "కళ్ళు మూసుకోండి మేడమ్" అంటూ రెండు గాజుగొట్టాలు నా చేతికి ఆనించారు. "ఇది వేడా, చల్లనా?" సరిగ్గానే చెప్పాను. తరవాత పక్కింటికి వెళ్ళారు. పంచలో పొయ్యి మండుతోంది. కుండమీద సగం తీసిన రేకు నల్లగా మాడి అంటుకుపోయి ఉంది. మనిషి లేదు. పిలిచి పిలిచి వెళ్ళిపోయారు.

చీకటి పడుతుండగా అరటితోట వైపునుంచి వచ్చింది. పొయ్యి ఆర్పకుండా గడప దాటే మనిషి కాదు, అరిటాకు వేస్ట్ అయితేనే ఊరుకోదు. నేను గోడమీంచి వేళాకోళం ఆడాను. "సూది వేస్తారని పారిపోయారా?"

"అవునే, సూదంటే నాకు చచ్చేంత భయం" అంది. పొయ్యి దగ్గర కూలబడి, మాడిన రేకు గోకుతూ, నావైపు చూడకుండానే అడిగింది. "ఆ గొట్టాల్లో ఏం పోసుకొస్తారే?"

"ఒకదాంట్లో వేణ్ణీళ్ళు, ఒకదాంట్లో చన్నీళ్ళు."

"ఏది ఏదో తెలియకపోతే?"

"మందిస్తారు."

"మందిచ్చి ఊరుకుంటారా, పేరు రాసుకుంటారా?"

"పేరు రాసుకోకుండా మందెలా ఇస్తారండీ?"

"అంతేలే" అంది.

ఇంతకన్నా తేటగా ఎవరడుగుతారు? నేను మొద్దునని చెప్పుకుంటూ వస్తున్నాను గానీ, నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం నాకు ఏమీ తోచలేదా అన్నది నాకే అనుమానం. ఆ గొట్టాలు దేనికో నాకు తెలుసు. నీళ్ళ కాగూ, కాఫీ గ్లాసూ, లేని చిప్పా అన్నీ నా కళ్ళెదుటే ఉన్నాయి. ఎక్కడో తోచే ఉంటుంది. తోచినదాన్ని లోపలికి రానిస్తే ఆవిడ పెట్టిన కాఫీ మర్నాడు తాగలేను. అందుకని రానివ్వలేదేమో. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

వేసవి సెలవులకి మా ఊరు వెళ్ళేముందు వీడ్కోలు చెప్పడానికి వెళ్తే, ఎడమచేతి చూపుడువేలికి గుడ్డ చుట్టుకుని ఉంది. ఏంటండీ అంటే కత్తిపీట గీరుకుందంది. రేకులు పొట్లం కట్టించి మా అమ్మకి ఇమ్మంది. తీసుకెళ్ళాను. అందరం తిన్నాం.

జూన్‌లో తిరిగి వచ్చేసరికి పంచ ఖాళీ. కుండ పగిలి పెంటకుప్పమీద ఉంది. పొయ్యి తవ్వేసి అలికేశారు. తమ్ముడి భార్యని అడిగితే, "ఉప్పాడలో మా పెద్దమ్మగారున్నారండి. అక్కడికెళ్ళారు. సముద్రపుగాలి పడుతుందని" అంది. కళ్ళెత్తకుండా చెప్పింది.

మా ఇంటావిడ ఆ క్షణమే వంటింటి కిటికీ దగ్గరికి వచ్చి గుసగుసగా చెప్పేసింది. "ఉప్పాడా లేదు, గిప్పాడా లేదండి. పెద్దరోగమటండి. వేలు కుళ్ళిపోయి వాసనొచ్చేదాకా నోరు విప్పలేదట. రాజమండ్రి అవతల అలాంటివాళ్ళకో ఆశ్రమం ఉందట, తమ్ముడు తీసుకెళ్ళి దింపేసి వచ్చాడు. షాపాయన వచ్చి వీధిలో నిలబడి ఎన్ని తిట్లు తిట్టాడో! అమ్మ బాబోయ్, మనం ఎన్ని రేకులు తిన్నామండీ!" పిన్నిగారు చేత్తో ఇచ్చిన ఇత్తడి గిన్నెని కాలవలో పారేసిందట.

నేనేం చేశాను? వెంటనే ఆ ఆశ్రమం ఎక్కడుందో కనుక్కుని వెళ్ళానని రాయాలని ఉంది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి రాజమండ్రి వెళ్ళిన మాట నిజమే. వెళ్ళింది చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి. నా ఒళ్ళు చూపించుకోవడానికి.

ఆయన నా చేతులు చూసి, నేను చెప్పిందంతా విని, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "ఫిజిక్సు చెబుతారా మీరు? ఆవిడ చేసినవి తిన్నంత మాత్రాన రాదమ్మా కుష్ఠు. గ్లాసు ముట్టుకుంటే రాదు. మందు మొదలెట్టాక ఇక ఎవరికీ అంటదు. ఊరికే ఇస్తారు మాత్రలు. స్పర్శ పోయిన కొత్తలోనే వచ్చుంటే ఆవిడ వేళ్ళు దక్కేవి. ఎవరికీ చెప్పలేదా పాపం?"

"లేదండి" అన్నాను.

ఆ నెలాఖరుకే ఆ ఇల్లు ఖాళీ చేశాను. కాలేజీకి దూరమవుతోందని అందరికీ చెప్పాను.

తొమ్మిదేళ్ళు గడిచాయి. పెళ్ళయింది, పాప పుట్టింది, రాజమండ్రిలో ఉద్యోగం వచ్చింది. ఒక ఏడాది మా కాలేజీ వాళ్ళు సేవా కార్యక్రమం అని పిల్లల్ని తీసుకుని ఊరి బయట ఒక ఆశ్రమానికి వెళ్దామన్నారు. రొట్టెలూ అరటిపళ్ళూ పంచాలి. ఏ ఆశ్రమమో విన్నాక ఒంట్లో బాగాలేదని తప్పించుకోబోయాను. ఆడపిల్లల వెంట ఒక లేడీ లెక్చరర్ ఉండాలన్నారు. వెళ్ళక తప్పలేదు.

వరసగా రేకుల షెడ్లు. ముందు సిమెంటు అరుగు. పిల్లలు పళ్ళు పంచుతున్నారు, నేను దూరంగా బస్సు పక్కన నిలబడ్డాను. అరుగుమీద కూర్చున్న ఒక ముసలావిడ నావంకే చూస్తోంది. నేను గుర్తుపట్టలేదు. ఒట్టు, గుర్తుపట్టలేదు.

"పంతులమ్మా!"

ఆ గొంతు వినగానే ఎవరో తెలిసింది. వెళ్ళాను. ఆవిడ పక్కకి జరిగి అరుగుమీద చోటిచ్చింది. కాస్త ఎడం వదిలి కూర్చున్నాను. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. మిగిలినవి లోపలికి ముడుచుకుపోయాయి. కుడిచెయ్యి కొంత మేలు.

"లావయ్యావే. పిల్లలెందరు?"

"ఒక అమ్మాయి."

"నీ పోలికేనా? ప్రశ్నలడిగితే గంటసేపు చెబుతుందా?" అని నవ్వింది. అదే నవ్వు. "నాకు జబ్బు లేదు ఇప్పుడు. ఏడాదిపాటు మాత్రలు మింగాను. పోయిందన్నారు. ఎప్పుడో పోయింది. పోయిన వేళ్ళే రాలేదు."

"మరి ఇంటికెళ్ళలేదేం?"

"ఏ ఇంటికి?" అంది. తమ్ముడి మీద ఒక్క మాట తూలలేదు. పిల్లల పెళ్ళిళ్ళయ్యాయా, అందరూ బాగున్నారా అని నన్నే అడిగింది. నాకేం తెలుసు? నేనూ మళ్ళీ ఆ ఊరి మొహం చూడలేదు.

నేనిక ఆగలేకపోయాను. "పిన్నిగారూ, ఆ రోజు మీరడిగింది చంద్రుడి గురించి కాదని నాకు తెలియలేదండీ" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"చంద్రుడి గురించి కూడానే" అంది. "ఎండలో కూర్చుంటే ఒక చెయ్యి నాది, ఒకటి ఎవరిదో అన్నట్టుండేది. నాకే భయమేసేది. వెన్నెల్లో ఆ బాధ లేదుగా. ఎవరికీ తగలదు. అక్కడ కూర్చున్నంతసేపూ నేనూ అందరిలాంటి మనిషినే అనిపించేది. అది నిజమో కాదో చదువుకున్నదానివి, నీ నోట విందామని అడిగాను."

"నాతో గట్టిగా చెప్పి ఉండాల్సింది. చెయ్యి చూపించి, ఇదీ సంగతి అని ఉంటే ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళేదాన్ని. వేళ్ళు దక్కేవి. ఎందుకు చెప్పలేదండీ నాకు? నామీద నమ్మకం లేకపోయిందా?"

ఆవిడ నా ఫోన్ నంబరు రాసిమ్మంది. "చెయ్యనులే, భయపడకు. ఊరికే పెట్టెలో ఉంటుంది" అంది. కాలేజీ కరపత్రం వెనక రాసిచ్చాను. మళ్ళీ వస్తానన్నాను. ఈసారి మా అమ్మాయిని తీసుకొస్తానన్నాను. ఆ క్షణాన ఆ మాటలన్నీ మనస్ఫూర్తిగానే అన్నాను.

బస్సు హారన్ కొట్టారు. లేచాను. ఆవిడా అరుగుమీంచి లేచి నిలబడింది. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి దిష్టి తీస్తారే, బుగ్గలు పుణికి మెటికలు విరుస్తారే, అలా చెయ్యబోయి రెండు చేతులూ నా మొహం దాకా తెచ్చింది.

నా మెడ వెనక్కి పోయింది. నేను పోనివ్వలేదు, అదే పోయింది. ఒక్క అంగుళం. నాకు డాక్టరు చెప్పింది తెలుసు, మాత్రలు తెలుసు, జబ్బు ఎప్పుడో పోయిందని తెలుసు. అన్నీ తెలిసినదాన్నే.

ఆవిడ చేతులు గాలిలోనే ఆగాయి. నెమ్మదిగా కిందికి దించి, తన పైట సర్దుకుంది.

"ఎందుకు చెప్పలేదని ఇందాక అడిగావు చూడు" అంది. "ఇందుకేనమ్మా."

ఆ గొంతులో కోపం లేదు. కాస్త కోపమైనా ఉంటే బాగుండేది.